తుప్పల బీడులో చెరిగిపోయే చుక్క

చిరంజీవి మేనకోడలికి మావయ్య దీవెనలు,

మా ఇంటి వెనక తుప్పల బీడును చదును చేసి గోదాము కడతారని, అందులో కనీసం ఐదు ముళ్ల ఎలుకలున్నాయని నెలాఖరులోగా తేలితే మీ వన్యప్రాణి ఆఫీసు అడ్డుపడుతుందని రాశావు. వారం రోజులు పెరట్లో కాపు కాశాను. ఒక్కటే ఉందమ్మా. పొద్దుగూకగానే తడిక కింద నుంచి దూరి వస్తుంది, పురుగుల్ని కరకరా నములుతుంది, నేను దగ్గితే బంతిలా ముడుచుకుంటుంది. ఐదని రాయలేను. నలభై ఏళ్లు షాపుల బోర్డులు రాసిన చెయ్యి ఇది, ఏనాడూ తప్పు రాయలేదు.

ఇట్లు, మావయ్య

తా.క. మీ అత్తయ్య దానికి నా పేరు పెట్టింది. పలకరిస్తే ముడుచుకుంటుందట.

పూజ్యులైన మావయ్యకు,

మీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. ఆ బీడు పోతే పాపం వాటికి వేరే చోటు లేదు. మా ఆఫీసరుగారు ఈ ఎర్రరంగు సీసా పంపమన్నారు. అది ముడుచుకున్నప్పుడు ముళ్ల కొసల మీద ఒక్క చుక్క పెట్టి, మర్నాడు ఏమైందో రాయాలట. ఎందుకని అడిగేలోపే జీపెక్కి క్యాంపుకి వెళ్లిపోయారు. నేను టైపు చేసేదాన్ని, నాకేం తెలుసు.

మీ మేనకోడలు

తా.క. బోర్డు రాసినట్టు చుక్క కింద సంతకం చెయ్యకండి.

మేనకోడలికి,

మీ ఆఫీసువాళ్లని రంగు కాస్త చూసి కొనమను. మొన్న పెట్టిన చుక్క నిన్నటికి మాయం. నిన్న మళ్లీ పెడితే ఇవాళ మళ్లీ అదే కథ.

మావయ్య

తా.క. నిన్న లావుగా ఉంది, ఇవాళ సన్నబడింది. దిగులు పెట్టుకుందేమో.

మావయ్యకు నమస్కారాలు,

మీ ఫిర్యాదు స్టోరు గుమస్తాకి చూపించాను. లోపం రంగులో లేదు, పెట్టే చేతిలో ఉంది, ముందు దుమ్ము తుడవమను అన్నాడు. నేను పోట్లాడాననుకోండి. అయినా ఒకసారి తుడిచి చూడకూడదూ?

మీ మేనకోడలు

తా.క. నెలాఖరుకి ఇంకా పది రోజులే.

అమ్మాయ్,

నాకు దుమ్ము తుడవడం నేర్పుతాడా ఆ గుమస్తా? షాపులు మూతబడ్డా నేను రాసిన బోర్డులు చెరగలేదు. రోషమొచ్చి నా సొంత డబ్బాలు దించాను. రోజుకో రంగు పెట్టాను. నీలం, పసుపు, ఆకుపచ్చ, తెలుపు. ఒక్కటీ మర్నాటికి నిలవలేదు. తల కొట్టేసినట్టయింది. కుంచె అటకెక్కించాను. బీడూ పోతోంది, పరువూ పోయింది.

మావయ్య

తా.క. అది ఒకటేనని ఎవరు చెప్పారంటుంది మీ అత్తయ్య. నా కళ్లే చెప్పాయన్నాను.

చిరంజీవి మేనకోడలికి ఘనుడైన మావయ్య దీవెనలు,

మొన్న సాయంత్రం తొలివాన పడింది. వెలిశాక ఎక్కడ చూసినా పురుగులే. తడిక కింద నుంచి మనవాడు వచ్చాడు, వీపు మీద నీలం చుక్క. వెనకే పసుపు. ఆ వెనక ఆకుపచ్చ, తెలుపు, ఎర్రవి రెండు. ఒక్క చుక్కా చెరగలేదమ్మా. ఇన్నాళ్లూ వంతులేసుకుని వచ్చాయి, నేను ఒకటే అనుకున్నాను. నాకు ఏడుపొచ్చేసింది. వెంటనే కబురు పెడితే నిన్న మీ ఆఫీసరుగారు వచ్చి, నా పక్కన పీట మీద కూర్చుని, తనే లెక్కపెట్టి కాగితం మీద సంతకం చేశారు. గోదాము ఆగింది.

ఏనాడూ తప్పు రాయలేదన్నాను కదా. మొదటి ఉత్తరంలో "ఒక్కటే" అని రాశాను. అది కొట్టెయ్యి.

ఇట్లు, మావయ్య

తా.క. బీడు ముందు బోర్డు పెట్టాను: "ఇక్కడ కాపురాలున్నాయి. ఖాళీ లేదు." కింద సంతకం చేశాను. నిన్న చుక్క లేనిది ఇంకొకటి వచ్చింది. నేను దగ్గకముందే ముడుచుకుంది. దానికి మీ స్టోరు గుమస్తా పేరు పెట్టాం.