పోతానంటే ఒప్పుకోని అవ్వ

తిరువళ్ళూరు, శుక్రవారం రాత్రి

కే.జీ.కండిగైలో మునెమ్మవ్వ చనిపోయిన కూతురి గురించి చెబుతుంటే, రికార్డర్ ఆపేసి నేనే ఏడ్చేశాను. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులను ప్రశ్నలడిగే ఈ పరిశోధన ఇక నా వల్ల కాదు, మానేస్తానని అక్కడే అనుకున్నాను.

అవ్వ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "కష్టం నాది, ఏడ్చేది నువ్వా? బాగుందే పాపా! కాపీ తాగు."

తాగి, సిగ్గుతో లేచాను. "పోతానవ్వా."

చెయ్యి పట్టుకుని ఆపేసింది. "పోతానంటారా ఎవురన్నా? పోయొస్తానని చెప్పల్ల. ఏదీ, చెప్పు!"

"పోయొస్తానవ్వా."

"ఎప్పుడొస్తావు?"

"సోమవారం." నోరు జారింది.

బస్సు కనకమ్మ సత్రం దాటినా నవ్వు ఆగలేదు. మానేస్తానని అవ్వకు చెప్పడానికైనా సోమవారం వెళ్ళాలి. వెళ్తే, లేచేటప్పుడు మళ్ళీ పోయొస్తాననే అనాలి కదా…