రెండోసారి అడిగితేనే

అక్టోబర్ 4, శనివారం

పిల్లల కథలు రాసే వసుమతి గారి కొత్త పుస్తకానికి బొమ్మలు నేనే వేస్తున్నాను. ఈ వాక్యం రాసి మూడుసార్లు చదువుకున్నాను. ఈ బాతెల్ ఊళ్ళో ల్యాబ్ శాంపిల్స్‌కి లేబుల్స్ అంటించుకునే పూజిత పేరు, పుస్తకం కవర్ మీద! న్యూయార్క్ పబ్లిషర్‌కి నచ్చిందట. ఫైనల్ డమ్మీ ఇరవై ఏడుకల్లా కావాలన్నారు.

డమ్మీ అంటే ఏం లేదు, ప్రింటర్ పేపర్లు మడిచి స్టేప్లర్ కొట్టిన పుస్తకం. తెలుగు ఒక పక్క, ఇంగ్లీష్ ఒక పక్క. స్కూల్ బస్ రోజూ మిస్సయ్యే నత్త కథ.

ఒక్కటే మెలిక. ఆవిడకో రూల్ ఉంది. పిల్లలకి ఒకసారి చదివి మూసేస్తారు. ఎవరైనా తమంతట తాము రెండోసారి అడిగితేనే అది పుస్తకం. లేకపోతే, పబ్లిషర్ ఓకే అన్నా సరే, అట్టపెట్టెలోకి. పెట్టెలో నలభై దాకా ఉన్నాయి. బయటికొచ్చినవి ఆరు.

అక్టోబర్ 9

టీ తాగుతూ ఆవిడ చెప్పినవి. డిపెండెంట్ వీసా మీద వచ్చి తొమ్మిదేళ్ళు ఇంట్లో కూర్చున్నారట. కూర్చున్నదెక్కడ! కూతురికి లైబ్రరీ పుస్తకాలు చాలకపోతే కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల అట్టల మీద కథలు రాసి దారంతో కుట్టారు. తర్వాత పదకొండేళ్ళు స్కూల్ లంచ్‌రూమ్‌లో పిల్లలకి పాల కార్టన్లు తెరిచి ఇచ్చారు. బోర్ కొడితే పిల్లలు ఆవలించరనీ, తమ షూస్ వైపు చూస్తారనీ అక్కడే తెలిసిందట. పబ్లిషర్లు వద్దని పంపిన ఉత్తరాల వెనక ఖాళీ ఉంది కదా అని కొత్త కథలు రాశారు. మొదటి పుస్తకం యాభై రెండో ఏట వచ్చింది. ఇప్పుడు అరవై ఆరు.

నాకు ముప్పై ఒకటి, తొందర చచ్చేంత.

అక్టోబర్ 11, శనివారం

లైబ్రరీలో చదివారు. ఏడుగురు పిల్లలు. ఒక్కరూ మళ్ళీ అడగలేదు. నా ఫ్రెండ్ పద్మజ కూతురు వేద, ఐదేళ్ళది, తొమ్మిదో పేజీ దగ్గర మంచినీళ్ళకని లేచిపోయింది.

ఇంకో రెండు శనివారాలు చూద్దామన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అక్టోబర్ 17

పద్మజకి ఆ రూల్ సంగతి చెప్పేశాను. చెప్పకూడదు. మా వేద అడుగుతుందిలే, నేను చూసుకుంటానంది. వద్దని అనలేదు నేను.

అక్టోబర్ 18, శనివారం

పుస్తకం మూయగానే వేద "అగైన్ ప్లీజ్, ఆంటీ" అంది. ఆవిడ మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివారు. నేను గాల్లో తేలుతున్నాను.

పార్కింగ్‌లో ఆవిడ మెల్లిగా అన్నారు: "పిల్ల నావైపు చూసి అడగలేదు పూజితా. వాళ్ళమ్మ వైపు చూసి అడిగింది."

నిజం చెప్పేశాను. మనవాళ్ళమింతే, పిల్ల నోరు తెరిచేలోపే ఆంటీకి థాంక్యూ చెప్పు అని పొడుస్తాం. కానీ ఈసారి పొడవనిచ్చింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ తిట్టలేదు. పోయినవారం వేద ఏ పేజీ దగ్గర లేచిందని మాత్రం అడిగారు. తొమ్మిది అన్నాను. ఇవాళ షూస్ వైపు చూసిందీ అక్కడేనట.

అక్టోబర్ 21

తొమ్మిదో పేజీలో బస్సు వెళ్ళిపోయింది, వానలో నత్త ఒక్కతే. బొమ్మ బాలేదంటారని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ పెన్సిల్ తీసి తన నాలుగు లైన్లూ కొట్టేశారు. "వానకి తొందర, బస్సుకి తొందర, ఊరంతటికీ తొందర" అని మొదలయ్యేవి. పుస్తకం మొత్తంలో అవే గొప్పవి, నాకు కంఠతా వచ్చు. దెబ్బలాడాను.

"బొమ్మలో ఉంది కదమ్మా. మళ్ళీ నేను చెప్పడమెందుకు?"

ఆరు పుస్తకాలు రాసిన మనిషి. ఒక ఐదేళ్ళ పిల్లకి దాహమేసిందని తన మంచి వాక్యాలు తీసేసుకుంది. నేనైతే ఒక్క గీత చెరపమన్నా ముఖం మాడ్చుకుంటాను. ఇలాంటి మనిషిని మోసం చేయబోయాను. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

అక్టోబర్ 25, శనివారం

ఆఖరి సారి. పద్మజని బయట కూర్చోమన్నాను, అలిగింది. తొమ్మిదో పేజీ దగ్గర ఆవిడ ఏమీ చదవలేదు. బొమ్మ పిల్లల వైపు తిప్పి ఊరుకున్నారు. ఎవరూ కదల్లేదు.

అయినా మూసేశాక ఎవరూ అడగలేదు. వేద జాకెట్ వేసుకుని వెళ్ళిపోయింది. సోమవారం పబ్లిషర్‌కి వద్దని రాసేస్తానన్నారు. ఈసారి నాకు కోపం కూడా రాలేదు.

కుర్చీలు సర్దుతుంటే చూశాం, డమ్మీ లేదు. పెట్టెలో వేయడానికి కూడా లేకుండా పోయింది.

అక్టోబర్ 26, ఉదయం 8:10

పద్మజ ఫోన్. డమ్మీ వేద జాకెట్ లోపల ఉందట. ఇమ్మంటే బాత్రూమ్‌లో దూరి తలుపేసుకుందట. లోపల్నుంచి పేజీలు తిప్పుతున్న చప్పుడు. పద్మజ ఒకటే సారీలు.

8:25

వసుమతి గారికి చెప్పాను. తనంతట తనే తీసుకుందా అని అడిగారు, అవునన్నాను.

"తిరిగి ఇమ్మనకు. పబ్లిషర్‌కి ఇంకోటి కుడదాం, రా."