పోశవ్వ కొబ్బరికాయ కొట్టిన యాంటెన్నా

సిరిసిల్ల,
ఆదివారం.

బాపుకు దండం పెట్టి ప్రణయ్ రాసేది. ఇక్కడ అవ్వ, చెల్లె నవీన, నేను వేళకు తిని తిరుగుతున్నాం. మస్కట్‌లో నువ్వు కూడా అట్లే ఉన్నావనుకుంటున్నాను. ఫోన్లుండగా జాబు ఏమిటని నవ్వకు. నీ గది నిండా మనుషులు. నేను ఇక్కడ తుమ్మితే అక్కడ అందరూ కలిసి నూరేళ్లు అంటారు. వాళ్లలో సగం మందిని పంపింది మన సిద్దిరాములు మామే. అందుకే సెలవు ముగించుకొని మీ క్యాంపుకు తిరిగి వస్తున్న ఫజలుద్దీన్ చాచా సంచిలో, మామిడికాయ తొక్కు సీసా పక్కన దీన్ని పెట్టి పంపుతున్నాను. తొక్కు అందరికీ పంచు. జాబు మాత్రం ఒక్కడివే చదువు.

నువ్వు ఫోన్‌లో అడిగినవి ముందు చెప్తాను. అవ్వ మోకాలు కరీంనగర్‌లో చూపించాం. బీడీలు చుడుతూ గంటల కొద్దీ కాళ్లు ముడుచుకొని కూర్చోవద్దన్నాడు డాక్టర్. అవ్వ సరేనంది. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, చాట ముందేసుకొని కూర్చుంది. నవీన పరీక్షలు బాగానే రాసిందట, అదే చెప్పుకుంటోంది. మరమగ్గాల సాంచల మీద నా పని సంగతి నీకు తెలిసిందే. ఆర్డరు ఉన్న రోజు ఆసామి నన్ను బిడ్డా అంటాడు, లేని రోజు ముఖం చాటేస్తాడు.

ఇక మిద్దె మీద ఆ డబ్బా ఏమిటని అడిగావు. మామ నీకు ఫోన్ చేసి తెగ పొగిడాడట కదా. చెప్తాను విను. ఆకాశంలో పోయే ప్రతి విమానమూ 'నేను ఫలానా, ఇంత ఎత్తులో ఉన్నా, ఇటు పోతున్నా' అని రేడియోలో అరుస్తూనే పోతుంది. అందులో రహస్యం ఏమీ లేదు. వినడానికి ఒక చెవి కావాలి, అంతే. సాంచల మోతలో నా చెవులు ఎట్లాగూ పోయాయి కాబట్టి వేరే చెవి చేసుకున్నాను. తాగి పారేసిన కూల్‌డ్రింక్ డబ్బా బోర్లించి, దాని నడుమ చూపుడు వేలంత రాగి తీగ నిలబెట్టాను. తీగ డబ్బాకు తగలకుండా మధ్యలో నూలు చుట్టే ప్లాస్టిక్ కండె విరిగిన ముక్క బిగించాను. కింద నుంచి పాత కేబుల్ టీవీ వైరు. దాని కొసకు పెన్‌డ్రైవ్ లాంటి చిన్న రిసీవర్, అదొక్కటే కొన్నది. లాప్‌టాప్ నా దోస్తు అవేజ్ రిపేరు దుకాణంలో ఎవడో వదిలేసి పోయినది. మొదట తీగను రెండు గోళ్ల మందం పొడుగ్గా కోశాను, నెత్తి మీదికొచ్చిన విమానం తప్ప ఏదీ పట్టలేదు. హిందీ వీడియోలు చూసి మళ్లీ మళ్లీ కోస్తే కుదిరింది. ఒక పొద్దున అటు నాగ్‌పూర్ నుంచి ఇటు బీదర్ దాకా విమానాలన్నీ తెర మీద చీమల్లా పాకాయి. బాపూ, ఆ పొద్దు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

ఆ సంతోషం మీద ఉమ్మేసింది నీ బామ్మర్ది.

వాళ్లనూ వీళ్లనూ వెంటబెట్టుకొని మిద్దెక్కడం మొదలుపెట్టాడు. "మా అల్లుడు చేసిండు. మీ పిల్లగాడు ఎక్కిన ఇమానం గీ కంప్యూటర్ల చూపెడ్తడు. నా తాన వీసా తీస్కుంటే గీ సౌలతు సుత ఉంటది," అని చెప్పుకున్నాడు. నేను పిచ్చోణ్ని, మురిసిపోయాను. నాకోసం గొప్పలు పోతున్నాడనుకున్నాను. దుకాణం ముందు మెరిసే బోర్డు లెక్క నన్ను వాడుకుంటున్నాడని తెలియలేదు.

ఒకనాడు పోశవ్వ పెద్దమ్మను తీసుకొచ్చాడు. వెనక గల్లీలో అవ్వతో కలిసి బీడీలు చుట్టే పోశవ్వే, నీతో పాటు ఒకే విమానంలో మస్కట్ వచ్చిన హనుమండ్లు తల్లి. వానాకాలం నుంచి వాడి ఫోన్ లేదు. "హనుమండ్లుకు నేనే టికెట్ తీసిన, ఇయ్యాల వస్తుండు," అన్నాడు మామ. మస్కట్ విమానం బీదర్ దాటుతోంది. తెర మీద చూపించాడు.

"అగో అక్కా, గదే. గండ్లనే ఉన్నడు నీ కొడుకు."

పోశవ్వ ముఖం తెరకు ఆనించింది. "ఏ సీట్ల కూసున్నడు కొడుకా? కిటికి పక్కకా?"

"మనుషులు కనబడరు పెద్దమ్మా. ఇమానం ఒక్కటే కనబడ్తది," అన్నాను.

"నీకు కనబడకపాయె. నేను తల్లిని గదా. జర పెద్దగ చెయ్యి."

పెద్దగా చేశాను. ఏం చేయమంటావు? హైదరాబాద్ దగ్గర పడి విమానం కిందికి దిగేసరికి బొమ్మ మాయమైంది. ఆ ఎత్తు నుంచి దాని అరుపు మన దాకా రాదు, రోజూ అంతే.

"పడ్డదా!" అని పోశవ్వ నా రెక్క పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"పడలే పెద్దమ్మా, దిగుతున్నది. కిందికి దిగితే గింత దూరం వినబడదు."

పోశవ్వ కోడిని కోయించింది. బస్టాండుకు పోయి కూర్చుంది. హనుమండ్లు రాలేదు. ఇమిగ్రేషన్ల ఆపిండ్రు, వచ్చే ఇమానంల వస్తడు, అన్నాడు మామ.

నేను మామ ఆఫీసుకు పోయి అడిగాను. బిర్యానీ తిని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"టికెట్ ఎన్నడు తీసినవ్ మామా?"

"టికెట్ ఎవడు తీసిండురా? వాడు కంపెనీ ఇడిశి కల్లివెల్లి అయిండు. దొంగచాటుగ యాడ బతుకుతుండో, జేల్ల ఉన్నడో, సచ్చిండో నాకేమెరుక?"

"మరి ఆమెకెందుకు చెప్పినవ్?"

"ధైర్యం ఇచ్చిన. దవాఖాన్ల డాక్టర్ ఇయ్యడా? ఇయ్యాల గామె ఠాణాకు పోతే, రేపు మంది పాస్‌పోర్టులు వాపస్ అడుగుతరు. గండ్ల నీది సుత ఉన్నది. నీ వీసా కోసం మీ బాపు నా గదుమ పట్టుకొని బతిమాలిండు, యాదికి పెట్టుకో." పుల్ల కొసకు వచ్చిన మాంసం పీచు చూసి, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

ఆ పీచు ఇప్పటికీ నా కండ్ల ముందే ఉంది బాపూ. ఆయన మీద ఎంత రోత పుట్టిందో, నోరు మూసుకొని మెట్లు దిగి వచ్చిన నా మీద అంతే పుట్టింది.

బుధవారం మళ్లీ వచ్చారు. వెనక ఇంకో నాలుగిళ్ల వాళ్లు. పోశవ్వ తల దువ్వుకొని, కొడుక్కు కొత్త అంగీ చంకలో పెట్టుకొని వచ్చింది. మొన్న తన కొడుకు దిగకపోవడానికి కారణం ఆమెకు దొరికింది. కొత్త బండి కొన్నా, కొత్త సాంచ బిగించినా కొబ్బరికాయ కొడతాం కదా. ఈ డబ్బాకు ఎవరూ కొట్టలేదు. నేను లాప్‌టాప్ తెరిచే లోపలే నీళ్ల ట్యాంకు పక్కకు పోయి, డబ్బాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, నీళ్లన్నీ దాని నెత్తిన పోసింది. తీగకూ డబ్బాకూ మధ్య నీళ్లు దిగాయి. తెర మీద మస్కట్ విమానమే కాదు, నాగ్‌పూర్‌వీ ఢిల్లీవీ అన్నీ ఒక్కసారే పోయాయి. ఖాళీ.

పోశవ్వ నోరు తెరిచి నా వైపు చూసింది. నేను నోరు విప్పేలోపే మామ చప్పట్లు కొట్టాడు.

"దిగింది! చూసినవా అక్కా, కొబ్బరికాయ కొట్టంగనే జల్ది దిగింది!"

అందరూ దండం పెట్టారు. నా డబ్బాకు, బాపూ. కొబ్బరి నీళ్లు కారుతున్న కూల్‌డ్రింక్ డబ్బాకు. నాకు ఒళ్లంతా పురుగులు పాకినట్టయింది.

"దిగలే, ఏం దిగలే," అన్నాను. "నీళ్లు పడి డబ్బా ఖరాబైంది. పెద్దమ్మా, నీ కొడుకు గా ఇమానంల లేడు. మొన్న సుత లేడు. మామ టికెటే తియ్యలే. వాడు యాడ ఉన్నడో ఈనకు తెల్వదు."

మామ చెంప మీద కొట్టాడు. అది పెద్ద సంగతి కాదు. పోశవ్వ నా ముఖాన దుమ్మెత్తి పోసింది. "నీ నోట్ల మన్ను వడ! నా కొడుకు వస్తుంటే ఓర్వలేవా? నీ బాపు అక్కడ సల్లగ ఉన్నడు గదా, గందుకేనా గీ కూతలు?" అని తిట్టి, అంగీ గుండెకు అదుముకొని మామ వెనకే మెట్లు దిగిపోయింది. అవ్వ అంతా విన్నది. తమ్ముడి పరువు తీశానని ఆనాటి నుంచి నాకు అన్నం పెడుతుంది, మాట పెట్టదు.

తెల్లారి పోశవ్వ సాంచల కాడికి వచ్చింది. మోతలో వినబడదని నా చెవి దగ్గర నోరు పెట్టి, "నువ్వన్నది నిజమేనా?" అని అడిగింది. నేను తలూపాను. ఆమె ఏడవలేదు. "మరి మీ బాపుకు తెల్వదా వాని సంగతి?" అంది.

ఇంతసేపూ దాచింది ఇప్పుడు చెప్తున్నాను. మేమిద్దరం ఠాణాకు పోయాం. దరఖాస్తు నేనే రాశాను. మామ పేరు రాశాను. నీ పేరు కూడా రాశాను. హనుమండ్లు మస్కట్ పోవడానికి ఆమెను ఒప్పించింది నువ్వు. సిద్దిరాములు మంచోడు, నాది పూచీ అని మన గడపలో కూర్చొని చెప్పింది నువ్వు. వాడు క్యాంపు విడిచింది నీ గది నుంచే. నా పాస్‌పోర్టు మామ బల్ల మీద నుంచి గుంజుకొచ్చాను. నువ్వు మాట్లాడి పెట్టిన వీసా నాకొద్దు. తిట్టుకో.

నాకు ఒక్కటే అర్థం కాలేదు. హనుమండ్లు పేరు ఎత్తిన ప్రతిసారీ "ఇనబడ్తలేదురా, సిగ్నల్ లేదు" అని ఫోన్ పెట్టేస్తావు. అంతకుముందు నిమిషం దాకా అవ్వ మోకాలి గురించి అన్నీ స్పష్టంగా వింటావు. నీకు ఏదో తెలుసు బాపూ. మామకు భయపడి దాస్తున్నావో, పోశవ్వ ఏడుపు వినలేక దాస్తున్నావో తెలియదు. మామ ఆమెకు రోజూ అబద్ధం చెప్పాడు. నువ్వు ఏమీ చెప్పలేదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ రోతో నేను తేల్చుకోలేకపోతున్నాను. నువ్వు నా బాపువు కాబట్టి తేల్చుకోవాలనీ లేదు.

వచ్చే శుక్రవారం నీకు సెలవు. ఆలోపల జైలుకు పో, దవాఖానాకు పో, శవాలు పెట్టే గదికి కూడా పో. ముందే తెలిసుంటే ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆ మధ్యాహ్నం పోశవ్వ అవేజ్ దుకాణంలో కూర్చొని నీకు ఫోన్ చేస్తుంది. నేను పక్కన ఉండను, మామ ఉండడు. ఆమె ఒక్కటే అడుగుతుంది. బతికే ఉంటే ఎక్కడ ఉన్నాడో చెప్పు. లేకుంటే లేడని చెప్పు.

ఫోన్ ఎత్తు.

ఇట్లు,
నువ్వు ఫోన్ ఎత్తుతావని పోశవ్వకు మాటిచ్చిన నీ కొడుకు,
ప్రణయ్