మా లిమిట్ కాదు

23 జూలై 1979, సోమవారం

ఆడి కృత్తికకు తిరుత్తణి కొండకొచ్చిన కావడి జనం పోయిన వారమే వెళ్ళిపోయారు. ఒక మనిషి మాత్రం మిగిలిపోయింది. మా ఊరి చివర, ఆంధ్రా బార్డర్ దగ్గర బస్ షెల్టర్‌లో కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయేమో. ఎవరేమడిగినా పలకదు. స్కూలు వదిలాక తమిళనాడు చెక్‌పోస్టు పోలీసాయనకు చెప్పాను. షెల్టర్ అటువైపు వాళ్ళదట. "ఎంగ లిమిట్ ఇల్ల టీచర్" అన్నాడు. రోడ్డు దాటి ఆంధ్రా పోలీసును అడిగాను. షెల్టర్ కట్టింది తమిళనాడువాళ్ళు, మా లిమిట్ కాదని ఈయనా అదే మాట అన్నాడు. ఇద్దరూ రోజూ ఒకే బీడీకట్ట పంచుకుని కాలుస్తారు.

24 జూలై

పెరుగన్నం తీసుకెళ్ళాను. నేను చూస్తుంటే తినలేదు. అటు తిరిగి నిలబడ్డాను. గిన్నె ఖాళీ అయింది.

26 జూలై

హెడ్మాస్టర్ దామోదరం గారు పిలిచి మాట్లాడారు. మంచాయనే. నా తెలుగు సెక్షన్‌లో పిల్లలు తగ్గిపోతున్నారు, పైవాళ్ళు ఎత్తేసే ఆలోచనలో ఉన్నారు, ఇలాంటప్పుడు ఒంటరి ఆడమనిషి ఊరి నోట్లో పడకూడదని ఆయన భయం. మీ లిమిట్‌లో మీరుండండమ్మా అన్నారు. తల ఊపాను. సాయంత్రం మళ్ళీ షెల్టర్‌కే వెళ్ళాను.

27, శుక్రవారం

ఆమెకు ఒళ్ళు కాలిపోతోంది. చెయ్యి నా భుజం మీద వేయించుకుని నడిపించుకొచ్చాను. మా ఇంటి ఓనరు మునెమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడింది. ఎవరో ఏమో, ఏ రోగమో, రేపు ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారంది. అడిగినవన్నీ న్యాయమే.

"తిన్నె మింద పండుకోనీ మా. గడప లోపలికి మాత్రం వద్దు."

అద్దెకున్నదాన్ని, ఏమంటాను?

28, శనివారం

సాయంత్రం గాలివాన. తడుస్తూ స్కూలు నుంచి పరిగెత్తుకొచ్చేసరికి తిన్నె మీద ఎవరూ లేరు. లోపలికి పోయి చూస్తే మునెమ్మ తన చాప మీదే ఆమెను పడుకోబెట్టి, తల తుడుస్తోంది. నన్ను చూసి కసిరింది.

"ఏందట్లా చూస్తా ఉండావు? పొయ్యి ఎలిగించు."

30 జూలై

తిరుత్తణి ఆస్పత్రి. టైఫాయిడ్. పేషెంటుకు మీరేమవుతారని నర్సు అడిగింది. అక్కను అన్నాను. నోరు తడబడలేదు. చెల్లెలి పేరేమిటంటే మాత్రం నీళ్ళు నమిలాను. పక్కనున్న మంచం మీంచి నీరసంగా వినబడింది, "కుప్పమ్మ" అని. ఆమె గొంతు వినడం అదే మొదలు.

9 ఆగస్టు

ఇంటికి తీసుకొచ్చాం. ఇవాళ తనే చెప్పింది, గోడవైపు చూస్తూ.

మెట్టినిల్లు నగరి అవతల పల్లె. ఒక్కతే ఆడపిల్ల, రెండేళ్ళది. ఎండాకాలంలో జ్వరమొచ్చి పోయింది. కర్మ అయిన మర్నాడే అత్త పొలానికి పంపింది. ఏడవడానికి కూడా వేళ చెప్పేదట. దీపం పెట్టేటప్పుడు ఏడవకూడదు, మగవాళ్ళు తినేటప్పుడు ఏడవకూడదు. మొగుడు తల్లి ఎదుట నోరెత్తడు. కావడి జనం ఆ ఊరిమీదుగా పోతుంటే వాళ్ళ వెంట నడిచి వచ్చేసింది. కొండ దిగి వాళ్ళతోనే తిరుగుదారి పట్టింది. షెల్టర్ దగ్గర కాళ్ళు ఆగిపోయాయట.

"అట్ల పోయేదానికి మనసు రాల్యా. ఇంక యాడికి పోయేది?"

మునెమ్మ ముక్కు చీదుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

19 ఆగస్టు, ఆదివారం

ఈమధ్య స్కూల్లో నాలుగో పీరియడ్ నుంచే ఇల్లు గుర్తుకొస్తోంది. పదేళ్ళుగా ఒక్కదాన్నే తిన్నాను. ఇప్పుడు కంచం ముందు ఇంకొక మనిషి ఉంది. కుప్పమ్మకు తల దువ్వుతాను. నీలం చీర కొన్నాను. పలక మీద అక్షరాలు దిద్దిస్తున్నాను, త్వరగానే పట్టుకుంటుంది. కారం తిననివ్వను, నీళ్ళు తోడనివ్వను, మధ్యాహ్నం పడుకోకపోతే ఒప్పుకోను. ఎండలో వీధి గుమ్మంలో నిలబడితే లోపలికి పిలిచాను.

మునెమ్మ చెల్లెలు కోకిల పొదటూరుపేట నుంచి వచ్చి ఒకరోజు ఉంది. వాళ్ళకు మగ్గాల షెడ్డు ఉంది. కుప్పమ్మ ఆమెను పని సంగతులు అడుగుతుంటే నేనే అడ్డుపడ్డాను, ఇంకా ఓపిక రాలేదని.

2 సెప్టెంబర్, ఆదివారం

కుప్పమ్మ అన్న వెంకటపతి వచ్చాడు. పెరియపాళయం పక్కన సేద్యం. చెల్లెలు కనబడలేదని తెలిసినప్పటి నుంచి ఆస్పత్రులన్నీ తిరుగుతున్నాడట, తిరుత్తణిలో మా అడ్రసు దొరికిందట. వాడెవడో కసాయివాడై ఉంటే బాగుండునని, సిగ్గు లేకుండా, నాకనిపించింది. కాదు. తిన్నె మీద కూర్చుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అత్తగారింటికి పంపనని, తన ఇంట్లోనే పెట్టుకుంటానని, ఇప్పుడే రమ్మని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. రాదు, ఇక్కడే ఉంటుంది, ఒళ్ళు కుదుటపడాలి, చదువు కూడా మొదలుపెట్టించాను అని ఏదేదో చెప్పాను.

కుప్పమ్మ అన్నవైపు కాదు, నావైపు చూసింది.

"నన్ను ఎవురూ అడగల్యా" అంది.

వెంకటపతి నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు దించాడు.

"అన్నా, నేను వాళ్ళింటికీ పోను, నీ యింటికీ రాను. కోకిలక్క షెడ్డులో పనుండాదంట. ఆడికి పోతా."

తరవాత నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నువ్వు లేకుంటే నేను సచ్చిపోయుందును అక్కా. అది మర్సిపోను. ఐతే నేను లేచేది, తినేది, పండుకునేది అంతా నువ్వే చెప్తా ఉండావు. ఆడ మా అత్త కూడా ఇట్లే చెప్తా ఉన్నింది."

3 సెప్టెంబర్

తలనొప్పని లీవ్ పెట్టాను. అత్తతో పోల్చింది.

4 సెప్టెంబర్

నిన్నంతా కోపం. ఎవరి కోసం ఆస్పత్రిలో నేల మీద పడుకున్నాను, ఎవరి కోసం హెడ్మాస్టర్ మాట కాదన్నాను అని లెక్కలు. ఇవాళ మధ్యాహ్నం పిల్లలకు డిక్టేషన్ చెప్తున్నాను. వెనక బెంచీ పిల్ల పలక మీద తనకిష్టమైన మాటలు రాసుకుంటోంది. తిట్టబోయాను. ఏం రాశావని అడిగాను. చూపించలేదు, చేత్తో మూసుకుంది. సరేలే అన్నాను.

ఇంటికొచ్చాక మునెమ్మను అడిగాను, నేను చేసింది అంత తప్పా అని. తప్పు కాదంది. వక్క కొరికి, నింపాదిగా, "బిడ్డ పని కావాలని అడిగింది గదా మా, నువ్వు మాట్లాడనియ్యల్యా" అంది.

నిజమే. నేను ఆమెను ఎక్కడా దిగనివ్వకుండా చంకనేసుకుని తిరిగాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆమె. నా బిడ్డ కాదు.

రాత్రి అన్నం తినేటప్పుడు, పొదటూరుపేటకు ఎప్పుడు వెళ్ళాలనుకుంటున్నావని అడిగాను. ఎల్లుండి అంది.

6 సెప్టెంబర్

బస్సెక్కింది. నీలం చీర తీసుకుంది, పలక వద్దంది. వెంకటపతి కూడా వెళ్ళాడు, షెడ్డు చూసి పోతానని. బస్సు కదులుతుంటే ఆపుకోలేక కిటికీ దగ్గరికి పరిగెత్తి, టైముకు తిను అన్నాను.

కుప్పమ్మ నవ్వింది. ఇన్నాళ్ళలో మొదటిసారి.

14 అక్టోబర్, ఆదివారం

రమ్మని కుప్పమ్మ కబురు పెడితే పొదటూరుపేట వెళ్ళాను. షెడ్డు వెనక చిన్న గది. తనే వండి పెట్టింది. పులుసులో ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు. ఇంకొంచెం వెయ్యమన్నాను.