గడ్డకట్టే రక్తం

మార్చి 4

ముప్పై రెండేళ్లామె, ఈత టీచర్. పొద్దున కొలను దగ్గరే ఛాతీ నొప్పి మొదలైందట. పక్క క్లినిక్‌లో ఈ వయసులో గుండెపోటేమిటని గ్యాస్ మాత్రిచ్చి పంపారట. మా దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. గుండె ముందు వైపు పెద్ద రక్తనాళంలో గడ్డ. సన్నటి గొట్టంతో లాగేశాను. కింద నాళం శుభ్రంగా ఉంది. కొవ్వు లేదు, ఇరుకు లేదు. స్టెంట్ అవసరం రాలేదు.

మరి గడ్డ ఎందుకు కట్టింది?

మార్చి 5

ఎకో స్కాన్ చూశాను. గుండె బలం సగానికి పడిపోయింది. ఆలస్యం చేసిన పని.

రోజంతా పిల్లల మీద విజిల్ ఊదేదాన్ని, ఇప్పుడు ఈ మానిటర్ నా మీద ఊదుతోందని నవ్వించింది. కాన్పుల గురించి అడిగితే నవ్వు ఆగిపోయింది. మూడుసార్లు పోయాయట, అన్నీ నాలుగో నెల దాటాకే. పక్కనే స్టూలు మీద ఉన్న అత్తగారు అందుకుంది.

"దాని కడుపు నిలవదు డాక్టరమ్మా. మేం ఆశ వదిలేసుకున్నాం."

కోడలు గోడవైపు తిరిగి పడుకుంది. నేను బయటికొచ్చి రక్తపరీక్షలు రాశాను.

మార్చి 7

రిపోర్ట్ ఇంకా రాలేదు. నేననుకున్నది కాకపోతే బాగుండు.

మార్చి 11

అదే. యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బు.

భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. రక్తం గడ్డకట్టకూడని చోట కడుతుంది. గుండెలో కట్టినట్టే అప్పట్లో కడుపులోని మాయలోనూ కట్టి, బిడ్డకు రక్తం అందకుండా చేసి ఉంటుంది. రెండోసారికైనా ఎవరైనా పరీక్ష చేయించి ఉంటే, ఆస్పిరిన్, రోజూ ఒక ఇంజెక్షన్‌తో కడుపు నిలిచే అవకాశం చాలా ఉండేది. అతను నేల చూపులు చూస్తున్నాడు. ఆమె ఒక్కటే అడిగింది.

"అంటే, అప్పుడు కడుపులో నా పిల్లలు బాగానే ఉన్నారా మేడమ్?"

బాగానే ఉండి ఉంటారన్నాను. ఇక్కడికి వచ్చాక మొదటిసారి ఏడ్చింది.

తర్వాత కళ్లు తుడుచుకుని, ఇప్పుడు ఆ ఇంజెక్షన్ వేసుకుంటేనో అని అడిగింది. ఈ గుండె గర్భం మొయ్యలేదని, ప్రాణం మీదికి వస్తుందని చెప్పాల్సి వచ్చింది. ఒకే గదిలో, ఒకే పూట, ఆమె చేతికి పిల్లల్ని ఇచ్చి మళ్లీ లాక్కున్నట్టయింది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. తినలేకపోయాను.

జూన్ 9

ఖాయం చేసుకోవడానికి రక్తపరీక్ష మళ్లీ చేయించాం. అదే ఫలితం. రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం. ఎకోలో మార్పేమీ లేదు. మీరు చెప్పక్కర్లేదు, మెట్లు ఎక్కుతుంటే తెలుస్తూనే ఉందంది.

జూన్ 20

అత్తగారు ఒక్కతే వచ్చింది, తన పేరు మీద చీటీ రాయించుకుని. బీపీ చూడమంది. పట్టీ చుడుతుంటే అడిగింది.

"ఆ ఇంజెక్షను, కోడలికి కడుపు పోయినప్పుడు కూడా ఉందా అమ్మా?"

ఉందని చెప్పాను.

పట్టీ తీసేశాను. బల్ల మీద చాపిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకోలేదు.