కొక్కెం లేని గాలంతో కూర్చునేందుకు అనుమతి కోరుతూ

లండన్, ఒంటారియో, కెనడా
సెప్టెంబరు 18

హెరన్ లేక్ పార్కు పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
కొప్పిశెట్టి సుధామయి, భర్త పేరు వీర్రాజు, వయస్సు 50 సం.లు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: హెరన్ లేక్ చెక్క వంతెన చివర చేపలు నా మూలముగా పట్టుబడుచున్నవి – తగు చర్య కోరుట గురించి.

నేను పదో తరగతి వరకు చదివినదానను. ఈ అర్జీని తెలుగులో రాసుకున్నాను. మా అమ్మాయి చంద్రిక ఇంగ్లీషులోకి మార్చి తమకు పంపగలదు. ఏదీ తగ్గించవద్దని చెప్పాను.

1. గత ఫిబ్రవరిలో మా వారికి ఇక్కడి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ జరిగినది. ఆయన లేచి నడిస్తే, కార్తీక మాసం ముగిసేవరకు రోజుకు నూట ఎనిమిది కాగితం ముక్కల మీద శ్రీరామ అని రాసి, గోధుమపిండి ఉండల్లో పెట్టి చేపలకు వేస్తానని మొక్కుకున్నాను. మా వైపు ఈ మొక్కు ఉన్నది. ఆయన లేచి నడిచారు. ఇప్పుడు మెట్లు కూడా ఎక్కుచున్నారు.

2. నేను ఒక డేకేర్ వంటగదిలో పని చేయుచున్నాను. మంచు కరిగిన తరువాత, ఏప్రిల్ నుండి, పని దిగి మూడున్నర బస్సులో తమ పార్కుకు వచ్చి, చెరువులోకి కొంత దూరం వెళ్ళి ఆగిపోయే ఆ చెక్క వంతెన చివర కూర్చుని ఉండలు వేసేదానను. మొదటి వారం ఒక్క చేప కూడా రాలేదు. తరువాత నాలుగు వచ్చాయి. జూన్ వచ్చేసరికి లెక్క పెట్టడం నా వల్ల కాలేదు. అరచేతి అంత ఉంటాయి, పసుపు పొట్టవి, సన్‌ఫిష్ అంటారట. నీళ్ళు మొలలోతే కనుక ఒక్కొక్కదాని కళ్ళు కూడా కనిపిస్తాయి. తోక చివర తెగిన చేప ఒకటి అన్నిటికంటే ముందు వచ్చేది.

3. చేపలు ఒకే చోటికి, ఒకే వేళకు రావడం గాలాలు వేసేవారు గమనించినారు. వారిలో జయదేవ్ గారు ఒకరు. ఆయన రిటైర్డ్ ఇంజనీరు, గుడిలో పరిచయం, చాలా మర్యాదస్తులు. అరవై అయిదు దాటినవి కనుక ఆయనకు లైసెన్సు కూడా అక్కరలేదట. నేను బస్సు దిగేసరికి మడత కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉండేవారు.

"రండి చెల్లెమ్మా, మూడున్నర బస్సు ఇవాళ లేటా? వీళ్ళంతా మీ కోసమే వెయిటింగ్" అనేవారు.

"వీళ్ళు" అంటే మనుషులా చేపలా అని నేను అడగలేదు.

"అన్నయ్య గారూ, కాస్త అవతల వేసుకోరాదూ?" అన్నాను ఒకసారి.

"అవతల ఏముందమ్మా, నాచు తప్ప! మీరు విస్తరి ఇక్కడ వేసి, నన్ను అక్కడ కూర్చోమంటే ఎట్లా?" అని నవ్వారు. చుట్టూ ఉన్నవారు తెలుగు రాకపోయినా నవ్వారు.

4. జూలై రెండో వారంలో జయదేవ్ గారు ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం ముక్క తెచ్చి నాకు ఇచ్చినారు. వెనుకనే గాలాలవారిలో ఒకరు, డగ్ అనే పెద్దాయన నిలబడి ఉన్నారు. ఆయన చేపను కోస్తుంటే కడుపులో దొరికిందట.

"గవర్నమెంట్ వాళ్ళు చేపలకు పెట్టే రీసెర్చ్ ట్యాగ్ అనుకుని పాపం వారం నుంచి ఫ్రీజర్‌లో దాచాడు, చెల్లెమ్మా. తిరిగి ఇచ్చేయాలట. చూస్తే తెలుగు! మీ చేతిరాతే కదా?"

నేను పెన్సిల్‌తో రాస్తాను. అక్షరాలు చెదరలేదు. శ్రీరామ.

డగ్ గారు టోపీ తీసి, ఇంకా దొరికితే జాగ్రత్తగా తెచ్చి ఇస్తానన్నారు. నేను థాంక్యూ అన్నాను.

ఆ కాగితాన్ని ఏం చేయాలో నాకు ఈనాటికీ తెలియదు. నీళ్ళలో వేస్తే మళ్ళీ ఏదో చేప తింటుంది. చెత్తలో వేయడానికి చేయి రాలేదు. దేవుడి దగ్గర పెడదామంటే చచ్చిన చేప కడుపులోంచి వచ్చినది. నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉన్నది.

5. ఆ రోజు నుండి మేత వేయుట మానివేసినాను. మొక్కు మధ్యలో ఆగినందుకు ఏమవుతుందోనని మా వారు దగ్గినా లేచి చూస్తున్నాను. ఆయన మాత్రం, "నా గుండెను డాక్టర్లు చూసుకుంటారు, నువ్వు నిద్రపో" అంటున్నారు. అయితే నేను మానినా చేపలు మానలేదు. ఆ వేళకు అక్కడికే వస్తున్నాయి. గాలాలవారికి ఆ వేళ తెలుసు.

6. తమ పార్కులో ఆకుపచ్చ దుస్తులు వేసుకున్న ఉద్యోగిని గారికి ఈ సంగతి మొరపెట్టుకున్నాను. ఆమె ఎంతో ఓపికగా విని, "మ్యామ్, ఫీడింగ్ నాట్ అలౌడ్. ఫిషింగ్ ఈజ్ ఓకే" అన్నారు. నేను ఇన్నాళ్ళూ చేసినది తప్పని, వారు చేయుచున్నది తప్పు కాదని అప్పుడు తెలిసినది. నా తప్పుకు శిక్ష వేస్తే అభ్యంతరం లేదు.

7. చేపలు పట్టడం పాపమని నేను చెప్పుట లేదు. మాది గోదావరి జిల్లా. పెళ్ళయిన కొత్తలో పులస వండి అత్తగారి చేత మెప్పు పొందినదానను. ఎవరి నోటి దగ్గరిది లాగే ఉద్దేశం నాకు లేదు. కానీ ఇవి ఆకలికి వెతుక్కుంటూ వెళ్ళి గాలానికి చిక్కినవి కావు. నేను పిలిస్తే వచ్చినవి. లోతైన నీరయితే అడుగుకు పోయి కనిపించేవే కావు. మొలలోతు నీటిలో ఎక్కడ దాక్కుంటాయి? తోక తెగిన చేప ఆగస్టు నుండి కనిపించుట లేదు.

8. లైసెన్సు ఉన్నవారెవరైనా వంతెన మీద ఏ చోటనైనా కూర్చోవచ్చునని తెలిసి, నేను కూడా ఫిషింగ్ లైసెన్సు తీసుకున్నాను. గాలం కొన్నాను. ఆ చోటును నేను పట్టుకుని కూర్చుంటే, అక్కడ ఇంకొకరు వేయలేరు కదా అని.

"చెల్లెమ్మా, కొక్కెం మరిచిపోయారు" అన్నారు జయదేవ్ గారు.

"మరిచిపోలేదండీ."

"కొక్కెం లేకుండా ఏం పడుతుందమ్మా?"

"ఏమీ పడకూడదనేనండీ."

ఆయన కుర్చీని నాలుగడుగులు జరుపుకుని, తన గాలం అటువైపు వేసుకున్నారు. చేపలు అక్కడికి కూడా వచ్చాయి.

కావున తమరు దయతలచి,

వంతెన చివరి పది అడుగులు చెరువు గడ్డకట్టేవరకు ఎవరూ గాలం వేయకుండా మూయించవలెనని కోరుచున్నాను. అది వీలుకానియెడల, కొక్కెం లేని గాలంతో నేను అక్కడ కూర్చొనుట నేరము కాదని ఒక కాగితం ఇప్పించవలెను. అదియును వీలుకానియెడల, మేత మానివేసిన ఎన్ని రోజులకు చేపలు మనిషిని మరిచిపోవునో తమ శాఖలో తెలిసినవారు ఎవరైనా ఉంటే, ఆ ఒక్క మాట తెలియజేయవలెను. ఆ రోజు వరకు ఓర్చుకుంటాను.

నాకు ఇంతకంటే అడగడం చేతకాదు. తప్పులుంటే మన్నించి, నా మొరను చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
కొప్పిశెట్టి సుధామయి

తా.క.: ఇది రాసి ముగించిన తరువాత, ఇవాళ శనివారం మళ్ళీ వెళ్ళాను. వాటిని నేనే బెదరగొట్టాలని, గాలం కర్రతో నీళ్ళను గట్టిగా కొట్టాను. జీవితంలో దేనినీ అంత గట్టిగా కొట్టలేదు. ఒక్క క్షణం చెదిరాయి. ఆ చప్పుడుకు ఏదో పడిందనుకున్నాయేమో, రెల్లులో ఉన్నవి కూడా బయటికి వచ్చేశాయి. జయదేవ్ గారు తన గాలం పైకి తీసేసుకుని, "ఇంటికి వెళ్ళిపోండి చెల్లెమ్మా, మీరుంటే ఇవి పోవు" అన్నారు. సరేనని లేవబోయాను. నా కాలి కింద చెక్క కిర్రుమంది. అన్నీ నా వైపు తిరిగాయి. వంతెన మొదట్లో ఇంకా ఆరుగురు గాలాలతో ఉన్నారు. నేను నడిస్తే నా వెంట అటే వస్తాయి. మళ్ళీ కూర్చున్నాను. కదలకుండా, వాళ్ళందరూ సామాను సర్దుకుని వెళ్ళేవరకు కూర్చున్నాను. రేపు కూడా అలాగే కూర్చుంటాను. ఎల్లుండి సోమవారం, మూడున్నర బస్సు దాకా నాకు పని ఉంది, సార్.