తొలి కాన్పు మాదే

కొడకండ్ల.

బిడ్డా సులోచనా,

నేను చెప్తుంటే పక్కింటి రాజేందర్ రాస్తున్నాడు. నా మనవరాలు ప్రవళికను నీ కొడుకు వెంట నెదర్లాండ్స్ పంపనని మొన్న మీ ఇంట్లో కూర్చుని లొల్లి చేశాను. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని, ఆరో నెల కడుపుతో తెలియని దేశం పోతే దాన్ని అరుసుకునేదెవరని అడిగాను. ఇప్పుడు పంపుతున్నాను.

అక్కడి మంత్రసానితో ఫోన్‌లో మాట్లాడాను. ఇద్దరి మాటలూ ప్రవళికే అటూ ఇటూ చెప్పింది. "నొప్పులొస్తే ఎవలొస్తరు?" అన్నాను. తానే వస్తానన్నది ఆ దొరసాని. "మరి బాలింతను ఎవలు చూస్తరు?" అంటే, వారం దినాలు నర్సు ఇంటికే వచ్చి తల్లినీ బిడ్డనూ చూసుకుంటుందట. నా పానం నిమ్మళమైంది.

అయినా తొలి కాన్పు మాదే. మా కోడలు శోభ తన బిడ్డ ప్రవళికకు తోడుగా అక్కడికే వెళ్తుంది. వీసా కాగితాలు జల్ది పంపమని నీ కొడుకు రంజిత్‌కు చెప్పు. శోభ కాలు పెట్టిన రోజు నుంచి తిరిగొచ్చే దాకా ఆ ఇల్లు మా ఇల్లు. కిరాయి కట్టేది నీ కొడుకే అయినా, అక్కడ అతను అల్లుడు. కూర్చోబెట్టి కోడికూర పెడతాం, కారం ఎక్కువైందని మాత్రం అనొద్దను.

నీ కోడలి నాయనమ్మ